జ్యోతి చేతుల మాట

మా కోడలు నాగజ్యోతికి పాట రాదు. ఆమె గొంతెత్తితే చర్చిలో పాడే క్వయరు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎవరో చెప్పకముందే ఆ సంగతి నేనే చెప్పేస్తున్నాను. మా సంఘంలో కొందరికి దేవుడిచ్చిన వరమంటే గొంతు ఒక్కటే. వాళ్లతో నాకు ఎప్పుడూ పడదు.

జ్యోతి బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కోత మిషన్ ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నీళ్లు వదలమన్నా, బండ తిప్పమన్నా, మేస్త్రీ వస్తున్నాడన్నా అన్నీ సైగలే. సైగలు అందరికీ వచ్చు గానీ మా జ్యోతి వాటం వేరు. ఇంట్లో కూర మాడిన సంగతి, నా మీద చాడీలు కూడా పని ఆపకుండా చేతులతోనే చెప్పేయగలదు.

ఆ ఫ్యాక్టరీలోనే శామ్ బండలు మోస్తాడు. పుట్టుకతోనే చెవుడు, మాట రాదు. బడికి పోలేదు. నలభై ఏళ్లు దాటాయి. ఒక్క ఆదివారం తప్పకుండా చర్చికొచ్చి ముందు వరుసలో కూర్చుంటాడు. మా చర్చిలో పెద్దయ్యాక సంఘం ముందు నిలబడి, విశ్వాసాన్ని నోటితో ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం. బాప్తిస్మం పొందినవాళ్లకే ప్రభువు బల్లలో రొట్టె. శామ్ తమ్ముళ్లందరికీ రొట్టె అందేది, శామ్ దగ్గర పళ్లెం దాటిపోయేది. అతను ఆ పళ్లెం వైపే చూస్తూ ఉండేవాడు.

ఈ ఏడు ఈస్టర్‌కు బాప్తిస్మం తీసుకునేవాళ్ల పేర్లు చదివారు. శామ్ పేరు లేదు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన పాస్టరయ్య మంచివాడే. అడిగింది అర్థమైందో లేదో తెలియకుండా మనిషిని నీళ్లలో ఎలా ముంచేదని ఆయన బాధ. పెద్దలందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది, లేచి నిలబడ్డాను.

“నోరిచ్చిన దేవుడే చేతులూ ఇచ్చినాడు గదయ్యా. మా కోడలు అడుగుతాది, వాడు చెబుతాడు. వానికి అర్థం కాకుంటే అప్పుడు ఆపండి.”

సరే, వచ్చే ఆదివారం ఈస్టర్ నాడే అడిగి చూద్దామన్నాడు పాస్టరయ్య. ఇంటికొచ్చాక జ్యోతి నాతో తగువుపడింది. ఫ్యాక్టరీ సైగలు ఎక్కడ, దేవుని మాట ఎక్కడ అంది.

“ఆడ తప్పు చెబితే బండ పగుల్తాదత్తా. ఈడ తప్పు చెబితే మనిషి గతేం గాను?”

దేవుడిచ్చినదాన్ని దేవుని పనికి వాడకుంటే ఇంకెందుకని కసిరాను. కసిరానే గానీ నాకూ లోపల భయమే. ఆ వారమంతా వంట నేనే చేశాను. ఆమె ప్రార్థన చేసుకోవడం, గోడకేసి చేతులాడించుకోవడం, ఇదే పని.

ఈస్టర్ రోజు చర్చి వెనక తొట్టి చుట్టూ సంఘమంతా చేరింది. శామ్ తెల్లబట్టల్లో నడుముదాకా నీళ్లలో నిలబడ్డాడు. యేసు నీ పాపాల కోసం చనిపోయాడని నమ్ముతున్నావా అని పక్కనే నీళ్లలో ఉన్న పాస్టరయ్య అడిగాడు. తొట్టి గట్టు మీద జ్యోతి చేతులు లేచి ఆగిపోయాయి. పాపానికి ఫ్యాక్టరీలో సైగ లేదు. 

అప్పుడు ఆమె ఎడమ అరచేతిని బండలా చాపింది. దాని మీద వేలితో వంకర గీత గీసింది. అది పగులు. తనను చూపించుకుంది, మమ్మల్నందరినీ చూపించింది, శామ్‌ను చూపించింది. పగిలిన బండను పక్కకు విసిరేసినట్టు చేసింది. తర్వాత పైకి చూపించి, సిలువ మీద ఉన్నట్టు రెండు చేతులూ చాపింది. ఆ చేతులతోనే వంగి, పారేసిన బండను ఎత్తి తన భుజం మీద పెట్టుకుంది.

శామ్ కన్నార్పలేదు. కాసేపటికి తన అరచేయి చాపి దాని మీద గీతలు గీశాడు. ఒకటి కాదు, అరచేయి నిండా గీశాడు. ఆ చేతిని గుండెకు ఆనించుకుని, పైకి చూపించి, భుజం తట్టుకున్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“నా బండంతా పగుళ్లే, అయినా ఆయన పారేయకుండా మోసినాడు అంటాండాడయ్యా,” అంది జ్యోతి.

 ఆమె నా కోడలని ఊరంతటికీ చెప్పాలనిపించింది నాకు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో అని పాస్టరయ్య ఒక్కో పేరూ పలికి, జ్యోతి చేతులు ముగించేదాకా ఆగి, అప్పుడు శామ్‌ను నీళ్లలో ముంచాడు.

పైకి లేస్తూనే శామ్ ముఖం తుడుచుకుని, రెండు పిడికిళ్లతో గాలిలో తాడు బిగించినట్టు లాగి, అరచేత్తో ముందుకు చూపించాడు. మా సంఘంలో సగం మంది ఫ్యాక్టరీ వాళ్లే. వాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు, కొందరు ఏడ్చారు. పాస్టరయ్య మాత్రం అర్థం కాక జ్యోతి వైపు చూశాడు.

“లోడెక్కింది, ఇంక బండి కదలొచ్చు అంటాండాడు.”

పాస్టరయ్య తడి చేతులతోనే ఆ సైగను శామ్‌కు తిరిగి చేశాడు. వంకరగానే చేశాడులెండి. మా జ్యోతి ఉంది, నేర్పిస్తుంది.