డీజిల్ బండి మీద మోజు

మే నెల మొదటి శనివారం పొద్దున, ఊళ్ళో ట్రక్కు వెనక లాక్కెళ్ళే క్యాంపింగ్ ట్రెయిలర్లు ఉన్నవాళ్ళు ధాన్యం గోదాము పక్కనున్న కాటా దగ్గర వరస కడతారు. మోంటానా చలికాలం మహా పొడుగు. ఆ ఆర్నెల్లూ మొగుడూ పెళ్ళాలు ఒకరి దగ్గర ఒకరు దాచుకున్న సంగతులన్నీ పెరట్లోని ట్రెయిలర్లోకి చేరి బరువెక్కుతాయి. తూయించకుండా కనుమ ఎక్కితే పెట్రోల్ ట్రక్కు సగం దారిలో చేతులెత్తేస్తుంది. డీజిల్ ట్రక్కు ఎంత బరువైనా లాగేస్తుంది కాబట్టి అవి ఉన్నవాళ్ళు కాటా ఛాయలకే రారు.

అందుకే లెస్టర్ డీజిల్ కావాలని పట్టుబడితే పెళ్ళాం మార్లాకి అనుమానం పుట్టింది. ముప్పై నాలుగేళ్ళు పెట్రోల్ బండే తోలినవాడు, డీజిల్ కంపంటే ముక్కు మూసుకునేవాడు. పాత ట్రక్కు మూలపడగానే మాట మార్చాడు. పైగా ఫిబ్రవరిలో టైర్ల కోసమని రెండుసార్లు మిజూలా పట్నం వెళ్ళొచ్చాడు. టైర్లు మాత్రం రాలేదు.

"కొండ దిగేటప్పుడు డీజిల్ ఇంజనే బండిని పట్టి ఆపుతుందే. బ్రేకులు కాలవు," అన్నాడు లెస్టర్.

"ఏడాదికి మూడు వారాల షికారుకి అంత వైభోగమా? ముందు పెట్రోల్‌ది తోలి చూద్దాం. దార్లో కాటా వేయిద్దాం."

"కాటా ఎందుకిప్పుడు?"

"ఎందుకు వద్దూ?"

తోలి చూడ్డానికని డీలరు ఇచ్చిన పెట్రోల్ ట్రక్కుకి ట్రెయిలర్ తగిలించి బయల్దేరారు. మలుపులో లెస్టర్ కుడివైపున్న ఉత్తరాల డబ్బాని గీసుకుంటూ పోయాడు. కొత్త బండి, అలవాటు లేదన్నాడు. మార్లా అదీ మనసులో పెట్టుకుంది.

కాటా చూసే ఎమ్మెట్ ట్రెయిలర్ని విప్పించి పలక మీద నిలబెట్టాడు. పోయినేడు నాలుగువేల ఆరొందల పౌన్లు తూగింది. ఇప్పుడు ఏడువేల తొమ్మిదొందలు.

"ఖాళీదేనా?"

"ఖాళీదే," అంది మార్లా పళ్ళు బిగించి.

"అయితే డీజిల్ కొనుక్కోండి, లేదా మాట్లాడుకోండి. వెనక ఆరు బళ్ళున్నాయి," అన్నాడు ఎమ్మెట్ కాఫీ చప్పరిస్తూ.

"మిజూలాలో ఎవత్తె ఉంది?" అంది మార్లా.

లెస్టర్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "కంటి డాక్టరే తల్లీ. కుడి కన్ను పోయింది. ఎడమదీ మసకే. స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. నువ్వేమో ఎప్పుడూ ట్రెయిలర్ తోలలేదు. చెబితే మన తిరుగుళ్ళకి ఇక మంగళమేనని..."

"ఈ కళ్ళతో నన్ను కనుమ ఎక్కిద్దామనుకున్నావా!" మార్లాకి కొట్టాలనీ అనిపించింది, ఏడవాలనీ అనిపించింది.

కాటా మీద అంకెలు గబగబా పడిపోయి నాలుగువేల తొమ్మిదొందల దగ్గర నిలబడ్డాయి.

"ఇంకో మూడొందలుంది లెస్టర్," అన్నాడు ఎమ్మెట్.

"ఒట్టు, నా దగ్గర ఇంకేం లేదయ్యా."

ఇద్దరూ మార్లా వైపు తిరిగారు. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది.

"మా అక్కింట్లో నా సూట్‌కేసు ఉంది," అంది నేల చూస్తూ. "మార్చిలోనే సర్దాను. నా అనుమానం నిజమైన రోజున నిన్నొదిలి పోదామని."

అంకె నాలుగువేల ఆరొందలకి దిగింది. లెస్టర్ ట్రెయిలర్ మళ్ళీ తగిలించాక, తాళాలు ఆమె చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు.

"పెట్రోల్‌దే చాలు," అంది మార్లా, సీటు ముందుకి లాక్కుంటూ. "ముందు మా అక్కింటికి పోదాం. ఆ సూట్‌కేసు తెచ్చి ట్రెయిలర్లో పడేద్దాం. ఉత్త బట్టలేగా, ఈ బండి లాగుతుందిలే."