సీసా మాన్పించిన మూడో రోజు

రెండున్నరేళ్ల ఫణీంద్రకు ముందుపళ్లు నాలుగూ నల్లబడ్డాయి. పాలసీసా మాన్పించకపోతే పీకాల్సి వస్తుందని నంద్యాలలో పళ్ల డాక్టరు చెప్పినప్పటి నుంచి పూర్ణిమకు అన్నం సయించలేదు. వేపాకు నూరి సీసా పీకకు రాస్తే, వాడు చొక్కాకు తుడుచుకుని తాగాడు. దాచిపెడితే తల నేలకేసి కొట్టుకున్నాడు. తల పగులుతుందేమోనని మళ్లీ ఆమే తెచ్చి నోట్లో పెట్టింది.

చివరికి ఆళ్లగడ్డ నుంచి తల్లి లక్ష్మీనరసమ్మ వచ్చి, తనతో తీసుకుపోవడానికి మనవణ్ని చంకనేసుకుంది.

"మాన్పించాలంటే తల్లి కండ్లముందర ఉండగూడదు. మనింట్లో అందరికీ ఇట్లనే మాన్పించినాం. నాలుగు దినాలు నువ్వు ఆ పక్కకు రావాకు."

మొదటి రోజు ఫోనులో వాడి ఏడుపు వినపడింది. రెండో రోజూ వినపడింది. మూడో రోజు పొద్దున ఏమీ వినపడలేదు. "నిమ్మళంగా ఉండాడు" అంది తల్లి. సొమ్మసిల్లాడేమో, జ్వరమొస్తే తనకు చెప్పకుండా దాస్తున్నారేమో అనుకుంటూ పూర్ణిమ తల కూడా దువ్వుకోకుండా బస్సెక్కింది. దారంతా ఒడి మరీ తేలికగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పుట్టింటి వీధిలో అడుగుపెట్టగానే ఎదురింటి మాబున్నీ ఆమె చెయ్యి పట్టి తన ఇంట్లోకి లాగింది.

"యాడికి పోతాండావ్? రెండో దినమే వస్తావని మీయమ్మ నన్ను కాపలా పెట్టింది. ఒక దినం ఎక్కువే ఆగినావు, మేలే!"

"బిడ్డకేమైంది అక్కా? నిజం చెప్పు."

"ఏమైతాది? నిన్న వాని అన్నమంతా నా కోళ్లకు పెట్టినాడు. ఈడ్నుంచి చూడు. అలికిడి చేసినావంటే ఊరుకోను."

పూర్ణిమ తలుపు సందులోంచి చూసింది. ఎదుటి అరుగు మీద ఫణీంద్ర స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని పాలు తాగుతున్నాడు. సగం చొక్కా మీదే ఒలికాయి. మధ్యలో ఆగాడు.

"అవ్వా, అమ్మ యాడ?"

"నంద్యాల్లో ఉంది నాయనా. తాగు."

తలూపి మళ్లీ తాగాడు.

వాడు ఒక్కసారి ఏడిస్తే బాగుండు అనిపించింది పూర్ణిమకు. ఒక్కసారి చాలు, పరిగెత్తి ఎత్తుకునేది. అలా కోరుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా చెయ్యి గడియ మీదికి పోయింది.

"పోతే పో," అంది మాబున్నీ మెల్లగా. "నిన్ను చూస్తానే సీసా అడుగుతాడు. రెండు దినాల ఏడుపూ మళ్లా మొదట్నుంచి ఏడ్వాల వాడు."

గడియ వదిలింది. వాడు ఖాళీ గ్లాసు బోర్లించి అవ్వకు చూపించి నవ్వేదాకా కదలకుండా చూసింది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పెరటి తలుపు తీ అక్కా."