సామాన్ల శాఖ

ఆ ఊరికి మళ్ళీ పోదామని లీడరు అనగానే అందరికంటే ముందు సై అన్నది మంత్రి. ఆమె మనసులో ఏముందో లీడరుకు తెలీదు.

మంత్రి అంటే నిజం మంత్రి కాదు. దేశంకాని దేశంలో చదువుకుంటున్న స్నేహితుల గుంపులో అందరికంటే చిన్నది. పోయినేడాది చదువుకి కొత్తగా వచ్చినప్పుడు వీళ్ళతోనే ఆ ఊరు వెళ్ళింది. లోకంలో సగంమంది గోడల మీద బొమ్మ తగిలించుకునే ఊరు. నడిమధ్య పెద్ద టవరు. పైకి సంచులు తేనివ్వరు, కింద సామాను దాచే గది నిండిపోయింది. "కొత్తదానివి, నువ్వు సంచుల దగ్గర ఈ బల్ల మీద కూర్చో. మేం ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం, తర్వాత నువ్వెక్కుదువుగాని" అన్నాడు లీడరు. ఇలాకీ అలాకీ మధ్య పొద్దు గూకింది, రైలు వేళయింది. తిరుగు రైల్లో ఆ లీడరే, సంచుల మధ్య ముడుచుకు కూర్చున్న ఆమె ఫొటో గ్రూపులో పెట్టి, కింద "సామాన్ల శాఖ మంత్రిగారు" అని రాశాడు. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వకపోతే ఏడుపొస్తుందని ఆమె కూడా నవ్వింది.

అప్పట్నుంచి కాలేజీలో, వంటింట్లో, బట్టలుతికే చోట అదే పేరు. పేరుతో ఆమెకు పేచీ లేదు. నీకూ ఎక్కాలనుందా అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు చూశారూ, అది లోపల ముల్లై దిగిపోయింది. ఈసారి ఆ బల్ల మీద లీడరును కూలేసి, తాను పైకి పోతూ వాడి మొహం చూడాలి. ఆ ఒక్కటీ జరిగితే పరీక్ష తప్పినా ఫర్వాలేదనుకుంది.

అందుకే టికెట్లు తీసే పని అడిగి మరీ నెత్తికెత్తుకుంది. అయిదుగురికి నాలుగే తీసింది.

టవరు కింద అదే బల్ల, అదే జనం. సామాను గది ఈసారీ నిండిపోయే ఉంది. లీడరు ముందు నడుస్తూ, పైనుంచి నది ఎంత బాగుంటుందో డాక్టరమ్మకు వర్ణిస్తున్నాడు. డాక్టరమ్మ అంటే వైద్యం చదివే అమ్మాయి. పోయినసారి రాలేదు. ఈమధ్య ఆమె ఎటు తిరిగితే లీడరు అటే తిరుగుతున్నాడు.

"లీడరుగారూ," అంది మంత్రి, ఎక్కడలేని వినయమూ తెచ్చుకుని. "ఒక టికెట్ తక్కువైంది. సామాను దగ్గర ఎలాగూ ఎవరో ఒకరుండాలిగా. మీరుండండి."

అని, ఆ మొహం మాడిపోవడం చూద్దామని కళ్ళప్పగించింది. మొహం మాడలేదు సరికదా, వెలిగిపోయింది. లీడరు ఆమెను పక్కకు లాక్కెళ్ళాడు.

"నెత్తిన పాలు పోశావే తల్లీ! పైకెళ్తే నాకు పైప్రాణాలు పైనే పోతాయి. పోయినసారి కళ్ళు మూసుకుని ఓ మూల కూలబడ్డా. దిగుదామంటే కాళ్ళు రాలేదు. అందుకే అంత ఆలస్యం. ఎండకు తల తిరిగిందని వీళ్ళకి చెప్పా. డాక్టరమ్మ ముందు ఎలా తప్పించుకోవాలా అని రాత్రంతా కునుకు లేదు."

మంత్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాదిపాటు పళ్ళు నూరి దాచుకున్న కసి తీరాచేసి వాడికి ఉపకారమై కూర్చుంది! వాడప్పుడే బల్ల మీద సుఖంగా కాళ్ళు బారజాపుకున్నాడు. చేతిలో టికెట్ ఉంది, వెళ్ళి ఊరంతా చూసి రావచ్చు. ఊరు చూడటమా, వాడి మొహం చూడటమా? తేల్చుకోవడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"డాక్టరమ్మా!" అంది చుట్టుపక్కలందరూ తిరిగి చూసేలా. "దగ్గరుండి నది చూపిస్తానని నీకు ఆశపెట్టాడు పాపం. నాకెలాగూ కాలు పీకుతోంది. నా టికెట్ ఆయనకిచ్చేస్తున్నా."

"ఎంత మంచిదానివే!" అంటూ డాక్టరమ్మ మురిసిపోయి లీడరును చెయ్యి పట్టి లేపింది.

"వద్దొద్దు... పాపం, మంత్రి కూడా చూడాలి కదా..." లీడరు గొంతు పీలగా వచ్చింది.

"నాదేముంది, మీరు హాయిగా చూసి రండి. డాక్టరమ్మా, ఫొటోలు అంచుదాకా తీసుకెళ్ళి మరీ తియ్యి!"

గాజు లిఫ్టు కదిలింది. లీడరు రెండు చేతులా కమ్మీ పట్టుకుని, మొహం పాలిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని పైకి పోతున్నాడు. కనుమరుగయ్యేదాకా మంత్రి తల వెనక్కి వాల్చి తనివితీరా చూసింది. కడుపు చల్లబడింది. పగ తీరితే ఇంత హాయిగా ఉంటుందా అనుకుంది.

ఆ హాయిలోనే బల్ల మీద కూర్చుని సంచులన్నీ దగ్గరకు లాక్కుంది. పిల్లల్ని వెంటేసుకుని ఎవరో ఒకామె వచ్చి ఎదురుగా ఆగింది. ఆమె భాష మంత్రికి రాదు. ఆమె టవరు వైపు చూపించింది, తన పెట్టె వైపు చూపించింది, మంత్రిని చూసి చనువుగా నవ్వింది. జవాబు కోసం ఆగకుండా, పెట్టెను ఆ సంచుల పక్కన నిలబెట్టి పిల్లలతో లైన్లోకి పరుగెత్తింది.

మంత్రి కాసేపు ఆ పెట్టె వంక చూసి, కాలితో దగ్గరకు జరుపుకుంది.