ఊరందరికీ నోటికొచ్చిన నంబరు

కొవ్వు గురువారం తెల్లారకముందే బొగుమీల్ బేకరీలో నూనె బాణలి ప్రాణం విడిచింది. కింద వేడిచేసే తీగ టప్పుమని కాలిపోయింది. సగం వేగిన పోంచ్కీలు ఈత రాని పిల్లల్లా నూనెలో మునకలేస్తుంటే బొగుమీల్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఉపవాసాలకి ముందొచ్చే ఈ ఒక్క గురువారం పోంచ్కీ తినని మనిషి కనిపిస్తే పోలండ్‌లో పోలీసులే వచ్చి ఒంట్లో బాగుందా అని కనుక్కుంటారు. గులాబీ జాం కుక్కి, నూనెలో వేయించి, పైన పాకం పూసిన ఆ ఉండల కోసం వోవిచ్ ఊళ్ళో ముసలాళ్ళు రాత్రి చెప్పులతోనే పడుకుంటారు. మధ్యాహ్నానికల్లా ఫైర్ స్టేషన్‌కి నాలుగు డజన్లు పంపాలి. బొగుమీల్ ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఆర్డరూ తప్పలేదు.

"ఇంటి పొయ్యి మీద వేయిద్దామా?" అంది పెళ్ళాం వ్యెస్వావా.

"వేయించు. ఈస్టరుకి అందుతాయి."

"ఒక మాట చెప్తాను, కోప్పడకండి."

"నువ్వా ముక్క అన్నాక నాకు కోపం రాకుండా ఎప్పుడుందే?"

"ఉడుత కొట్లో ఇవాళ పోంచ్కీ తొమ్మిది గ్రోషులే. యాప్ ఉంటే. ఒక్కో ఫోన్ నంబరుకి నాలుగు డజన్ల దాకా ఇస్తారు."

ఉడుత కొట్టంటే ఊరి చివర వెలిసిన పెద్ద సూపర్ మార్కెట్టు. బోర్డు మీద ఉడుత కన్ను కొడుతూ ఉంటుంది. గ్రోషంటే పైసా లాంటిది, వంద కలిస్తే ఒక జ్వోతీ. పోయిన ఏడాది ఇదే రోజున బొగుమీల్ దాని గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఎక్కి, ఊరంతా వినేలా ఒట్టు పెట్టాడు. ఈ స్పాంజి ముక్కల్లో ఒక్కటి నేను కొన్నరోజున నా మీసం తీసేస్తాను అని. అది మామూలు మీసం కాదు. చలికాలంలో దాని కింద పిచ్చుకలు తలదాచుకుంటాయి.

"మనకి యాప్ లేదుగా" అన్నాడు బొగుమీల్.

వ్యెస్వావా బాణలికేసి చూసింది.

"ఉందా?"

"రెండేళ్ళయింది. వెన్న కోసం పెట్టుకున్నా. కానీ ఆ ఉడుతకి మతిపోయిందండీ. రోజూ పిల్లి తిండి సగం ధరంటుంది, డైపర్లంటుంది. మనకి పిల్లీ లేదు, పసిపిల్లలూ లేరు."

"నీ ఉడుతా వద్దు, దాని ధరా వద్దు. మొత్తం డబ్బు కట్టేసి, ఎవరి కంటా పడకుండా వచ్చేస్తా."

మావగారి బొచ్చుటోపీ పెట్టాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టాడు. మీసాన్ని మఫ్లర్‌లో చుట్టాడు. ముప్ఫై ఏళ్ళు నూనెలో మరిగిన మనిషి, వంద అడుగుల దూరం నుంచే వెనిల్లా వాసన కొడుతున్నాడు. ఆ సంగతి ఒక్కటే మర్చిపోయాడు.

ఉడుత కొట్లో పోంచ్కీలు ట్రాలీలో వేసుకుని క్యూలో నిలబడ్డాడు. వెనకాల ఇంకొంతమంది చేరారు. అద్దాల పక్కనుంచి చూస్తే హియెరోనిమ్ తాత, ఓ కుర్ర తండ్రి, ఫైర్ స్టేషన్ పెద్దాయన భార్య లుద్మీలా. ఈ నాలుగు డజన్లూ ఆర్డరు ఇచ్చింది ఆవిడే. బొగుమీల్ మఫ్లర్‌ని ఇంకాస్త పైకి లాక్కున్నాడు. అయితే ఎవరూ పలకరించలేదు. అందరూ పైకప్పు లైట్లని చిన్నప్పుడు విడిపోయిన చుట్టాల్లా తేరిపార చూస్తున్నారు. గుర్తుపట్టలేదు, బతికిపోయాను అనుకున్నాడు.

కౌంటర్లో అమ్మాయి కొత్తది, రాదొమ్ నుంచి వచ్చి వారం కూడా కాలేదు.

"యాప్ ఉందా అంకుల్?"

తల అడ్డంగా ఊపాడు.

"నూట తొంభై రెండు జ్వోతీలు."

జేబులోంచి నోట్లు సగం బయటికి వచ్చాయి.

"యాప్ ఉంటే నాలుగు జ్వోతీల ముప్ఫై రెండు గ్రోషులే" అంది ఆ పిల్ల, వాతావరణం చెప్తున్నట్టు.

నోట్లు అక్కడే ఆగిపోయాయి. నాలుగు జ్వోతీలు. ఆ డబ్బుకి పైన పూసిన పాకం కూడా రాదని ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. ఇంత చవగ్గా ఇస్తుంటే వదిలేసి అన్ని నోట్లు పోయడమా? చేతిని లాగాడు. రాలేదు. జేబు పట్టేసుకుంది.

"ఉంది" అంది అతని నోరు, అతన్ని అడక్కుండానే.

"నంబరు చెప్పండి."

అప్పుడు తెలిసొచ్చింది. వ్యెస్వావా యాప్‌కి ఇచ్చింది బేకరీ ఫోన్ నంబరే. ప్రతి కాగితం సంచీ మీదా, బండి మీదా, గోడ మీదా ఉంటుంది. బండికి మైకు కట్టి పాటగా కూడా పాడించాడు. ఊళ్ళో పిల్లలు అమ్మా అనేకంటే ముందు ఆ నంబరు అంటారు. నదిలో మునిగిపోతూ ఒకాయన కంగారులో ఆ నంబరుకే ఫోన్ చేశాడని, బొగుమీల్ వెళ్ళి ఒడ్డుకి లాగి, ఓ డజను అమ్మి వచ్చాడని చెప్తారు.

అతను మఫ్లర్‌లోకి గొణిగాడు.

"గట్టిగా అంకుల్, ఫ్రిజ్‌ల రొదలో వినపడట్లేదు."

"అయిదు... సున్నా... అయిదు..."

అక్కడ ఆగాడు.  వెనకనుంచి హియెరోనిమ్ తాత, చెవులు సరిగా వినపడని పుణ్యాత్ముడు, మిగతా అంకెలన్నీ బండి పాట వరసలో తాపీగా పాడేశాడు.

"మీకెలా తెలుసు తాతా?" అంది కౌంటరు పిల్ల.

"నా నంబరే కదమ్మా. పొద్దున కూడా నీకే చెప్పాగా."

ఆ పిల్ల నొక్కింది. మిషను కీచుమంది.

"కుదరదు అంకుల్. ఈ నంబరుకి ఇవాళ్టి పోంచ్కీలు ఇచ్చేశాం. పెద్ద కుటుంబం అనుకుంటా మీది. ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నిన్న పిల్లి తిండి, మొన్న డైపర్లు."

బొగుమీల్ మెల్లగా వెనక్కి తిరిగాడు. కళ్ళద్దాలు తీశాడు. తాత బుట్టలో పిల్లి తిండి డబ్బాలు. కుర్ర తండ్రి చంకలో డైపర్ల కట్ట.

"లుద్మీలా గారూ, ఆ క్యాబేజీ కొంచెం పక్కకి జరపండి."

"ఎందుకండీ, దాని మానాన అది పడుంది."

"జరపండి."

క్యాబేజీ కింద రెండు డజన్లు.

"నాకు ఆర్డరిచ్చారు కదా?"

"ఇచ్చాను. మీవి ఆలస్యమైతే ఎలాగని, ముందుజాగ్రత్త. మొదటిసారి వచ్చి ఇవి తీసుకెళ్ళి కార్లో పెట్టబోతుంటే క్యాబేజీ మర్చిపోయానని గుర్తొచ్చి మళ్ళీ వచ్చాను."

"ఎవరి నంబరు చెప్పారు?"

"నాకు అంకెలు గుర్తుండవు బొగుమీల్ గారూ. అదొక్కటే నోటికొస్తుంది."

"నేనూ అంతే" అన్నాడు కుర్ర తండ్రి, కోటు కింద నుంచి ఇందాక కొన్న ఇంకో డజను కనపడుతుంటే. తర్వాత వాడికి ధైర్యం వచ్చింది. "అన్నట్టు, మీరేంటి బాబాయ్ ఇక్కడ? పోయిన ఏడాది కుర్చీ మీద ఏదో అన్నారు?"

అందరి చూపూ మఫ్లర్ మీద పడింది. అది ఎప్పుడు జారిందో ఏమో, మీసం సగం బయటికొచ్చి ఉంది. కౌంటరు పక్కనే రేజర్లు వేలాడుతున్నాయి. వాటికీ యాప్ ధర ఉంది.

బొగుమీల్ చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. కుర్ర తండ్రి నవ్వడానికి నోరు తెరిచాడు. ఆ నవ్వు ఒక్కసారి బయటికొస్తే సాయంత్రానికి ఊరు దాటుతుంది.

"కొన్నాడా?" అంది లుద్మీలా.

"ఏంటి?"

"ఆయన కొన్నాడా అంటున్నా. నేను ఇక్కడే ఉన్నా. నంబరు పనిచెయ్యలేదు, డబ్బు జేబులోనే ఉంది. కొన్నది మనం. ఆయన మీసం ఎందుకు పోయిందని ఎవరైనా అడిగితే, మన బుట్టల్లో ఏమున్నాయో కూడా చెప్పాల్సొస్తుంది. మా ఆయనకి నువ్వు చెప్తావా?"

 ముందుగా కుర్రాడు తన డజను తీసి బొగుమీల్ ట్రాలీలో పెట్టాడు. లుద్మీలా రెండు డజన్లు పెట్టింది. తాతకి విషయం రెండుసార్లు అరిచి చెప్పాక, ఆయన సంచీలోంచి పొద్దున కొన్న డజను తీసి, ఒకటి నోట్లో వేసుకుని, క్యూలో వెనకాయన దగ్గర్నుంచి ఇంకోటి లాక్కుని లెక్క సరిచేశాడు. బొగుమీల్ మొదట తీసుకున్నవన్నీ తిరిగి అరమీదికి వెళ్ళిపోయాయి.

"మరి పాయింట్ల సంగతో?" అంది కౌంటరు పిల్ల. "ఈ నంబరుకున్నన్ని పాయింట్లు జిల్లాలో ఎవరికీ లేవు. బహుమతి వస్తుంది."

మోకాలెత్తు బొచ్చు ఉడుత బొమ్మ. కన్ను కొడుతోంది. ఎవరిదని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. బొగుమీల్ దాన్ని చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

మధ్యాహ్నం ఫైర్ స్టేషన్‌లో పెద్దాయన ఒకటి కొరికి, నములుతూ ఆగాడు. "ఈసారి రుచి కొంచెం..."

"మాట్లాడకుండా తినండి" అంది లుద్మీలా.

ఉడుత ఇప్పుడు బేకరీ అద్దాల కిటికీలోనే కూర్చుని ఉంది. వ్యెస్వావా దానికి చిన్న ఏప్రాన్ కూడా కుట్టింది. రోజూ క్యూలో ఊరంతా దాని ఎదురుగానే నిలబడుతుంది. అదెక్కడిదని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.