కోరా గుడ్డ

నీరజ వచ్చేసరికి కొమురవ్వ, పక్కింటి పోశమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. సూరత్ బండ్ల మీద పాపడి అని అమ్మే ఈ కాయకు ఈనె సగంలోనే తెగిపోతుంది. తెగినప్పుడల్లా కొమురవ్వ కాయను తిరగేసి రెండో కొస నుంచి లాగుతోంది. పోశమ్మకు అంత ఓపిక లేదు. తెగిన కాయను తెగినట్టే గిన్నెలో పడేస్తోంది.

"సరిగ్గ తియ్యవే. మీ అన్న పండ్ల సందున ఇరుకుతయి," అంది కొమురవ్వ.

"పండ్లుంటె గద వదినె, ఇరికేటందుకు."

కిటికీ కింద మంచం మీద పడుకున్న బిక్షపతి నవ్వబోయి దగ్గాడు. ముప్పై ఏళ్లు సాంచెల మీద పనిచేశాడు. పవర్‌లూమ్‌ను వీళ్లు సాంచె అనే అంటారు. ఆ నూలు దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన తర్వాత ఆయన ఈ మూడో అంతస్తు దిగలేదు. వీళ్లుండే కోసాడ్ క్వార్టర్లకు లిఫ్టు లేదు.

నీరజ ఆ ఇంటి కోడలు. యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియంలో పనిచేస్తుంది. బడిపిల్లలను పిలిపించి బొమ్మల ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం, మ్యూజియం గడప ఎన్నడూ తొక్కని జనాన్ని వెతికి తీసుకురావడం ఆమె పని. ఆమె చెప్పినట్టు చేయడానికి ఇద్దరు అమ్మాయిలున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊళ్లోని పెద్ద పెద్ద బడులన్నింటినీ తిప్పి చూపింది. తర్వాత ఒకరోజు తన క్వార్టర్ల వాళ్లనే ఎందుకు పిలవకూడదు అనిపించింది. డైరెక్టర్ హారతి మేడమ్ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ కార్యక్రమానికి 'ఇంటి బట్ట' అని పేరు పెట్టారు. ఇంటికొక బట్ట తెచ్చి మ్యూజియంలో వేలాడదీస్తారు. బట్ట ఎవరిదైతే వాళ్లు ఆదివారం వచ్చి దాని పక్కన కూర్చుని, చూడవచ్చినవాళ్లకు దాని సంగతి చెబుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆడవాళ్లంతా గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఏసీ గదుల్లో చల్లటి నేల మీద వట్టి కాళ్లతో నడిచారు. పోశమ్మ కాపలా మనిషి దగ్గరికి పోయి "దేవుడేడ?" అని తెలుగులోనే అడిగింది. ఆమె తొందర చూసి అతను మరుగుదొడ్డి వైపు చూపించాడు. ఆ సంగతి చెప్పుకుని క్వార్టర్లలో చాలా రోజులు నవ్వారు.

అందరికంటే ముందు బట్ట ఇచ్చింది కొమురవ్వే. ఎర్ర గళ్లు, నల్ల అంచు ఉన్న చీర. పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోసినప్పుడు పెట్టిన చీర కనుక, ఇన్నేళ్లలో ఆమె దాన్ని మరొకరి చేతికి ఇచ్చింది లేదు. ఆమె ఇచ్చిందని తెలిశాకే తక్కినవాళ్ల పెట్టెలు తెరుచుకున్నాయి.

ఇప్పుడు ఆ బట్టలు తిరిగిచ్చే సమయం వచ్చింది. వచ్చే ఆదివారం రెండో జట్టు వెళ్లాలి. ఈసారి కూడా వాళ్లంతట వాళ్లే వస్తే ఏటా ఇది నడుపుదామని, రాకపోతే ఆ బస్సును డ్రాయింగ్ పోటీలకు వాడుకుందామని హారతి మేడమ్ చెప్పింది. ఆమె కోపంగా ఏమీ చెప్పలేదు. అందుకే నీరజ ఆ మాటను మరిచిపోలేకపోయింది.

"అత్తమ్మా, నీ చీర తెచ్చిన," అంటూ నీరజ సంచిలోంచి మూట తీసి రెండు చేతులతో అందించింది.

కొమురవ్వ చేతులు చాటలోనే ఉండిపోయాయి.

మ్యూజియంలో పాత బట్టలను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టరు. రంగు వేయని కొత్త నూలుగుడ్డలో చుట్టి, అదే గుడ్డ పేలికతో రెండు చోట్ల కట్టి ఇస్తారు. మూట పొడుగ్గా, తెల్లగా ఉంది.

"ఓయమ్మ!" అంది పోశమ్మ. "గిదేందే వదినె! మనిషి మంచంల ఉండంగనే నీ కోడలు తెల్లగుడ్డ తెచ్చె?"

నీరజ చేతులవైపు చూసుకుంది. చావు జరిగిన ఇంటికి చుట్టాలు కొత్త తెల్లగుడ్డ తెచ్చి శవం మీద కప్పుతారు. ఇంకెప్పుడూ ఎవరూ అలాంటి గుడ్డ పట్టుకుని ఇంట్లోకి రారు. అది ఆమెకు తెలుసు. తాత పోయినప్పుడు ఒక్కో గుడ్డ ఎవరు తెచ్చారో గుమ్మం దగ్గర నిలబడి చూసింది కూడా. మ్యూజియం స్టోర్‌రూమ్‌లో తానులు తానులుగా పడి ఉండే ఈ కోరా గుడ్డ మాత్రం ఆమెకు గుడ్డలా కనిపించడం ఎప్పుడో మానేసింది. కాగితంలాగా, దారంలాగా అదీ ఒక సామాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మెట్లెక్కుతూ జబ్బుపడ్డ మనిషి ఇంటికి ఏం తీసుకుపోతున్నానని ఒక్కసారైనా అనుకోలేదు.

గబగబా కట్లు విప్పింది. ఎర్ర గళ్లు బయటపడ్డాయి. కోరా గుడ్డను ఉండచుట్టి సంచిలో కుక్కింది.

"ఆడ పెట్టు," అంది కొమురవ్వ. చీరను ముట్టుకోలేదు.

"తెస్తె తెచ్చింది గని," అన్నాడు బిక్షపతి మంచం మీద నుంచి, "జర ఎక్కువ తెచ్చేది ఉండె బిడ్డా. నేను పొడుగు మనిషిని."

పోశమ్మ తన గిన్నె తీసుకుని లేచింది.

మరునాటికి మాట మెట్లు దిగి కింది అంతస్తుకు చేరింది. అక్కడి నుంచి పక్క బిల్డింగుకు పోయింది. ఎవరూ నీరజను ఏమీ అనలేదు. రెండో జట్టులో రావలసిన జమున తన పిల్లకు జ్వరమంది. విజయరాణి ఆదివారం బార్డోలీ పోవాలంది. అక్కడ ఆమెకు ఎవరూ లేరని నీరజకు తెలుసు. ఒకరి తర్వాత ఒకరు తమ బట్టలు ఇంకెప్పుడైనా ఇస్తామన్నారు.

ఆదివారం మాట ఎత్తనివాళ్లు బిక్షపతిని చూడటానికి మాత్రం వచ్చారు. సంత్రా పండ్లు తెచ్చారు. మంచం పక్కన కూర్చుని ఆయనతో కాకుండా కొమురవ్వతో మాట్లాడారు.

"ఎట్లుండె మనిషి! ఎట్లయిపోయిండు!" అందొకామె.

"ఉన్ననే ఇంక. పోలే," అన్నాడు బిక్షపతి.

"గట్ల కాదు బావా..."

"మరెట్ల?"

ఆమె సంత్రాలు కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రానికి కిటికీ నిండింది. ఆయన వాటిలో ఒక్కటీ ఒలుచుకోలేదు.

నీరజ భర్త శ్యాంసుందర్ సచిన్ అనే ఊళ్లో మిల్లులో పనిచేస్తాడు. డ్యూటీ నుంచి వచ్చి అన్నీ విన్నాడు. "గింతేనా? అవ్వ కాళ్లు మొక్కు, అయిపోతది," అన్నాడు. కాళ్లు కడుక్కుని టీవీ పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున కొమురవ్వ పప్పు తాలింపు పెడుతుంటే నీరజ వెనక నిలబడింది.

"అత్తమ్మా, నాదే తప్పు."

"నేనేమన్న అన్ననా?"

"అనలే. అంటెనే బాగుండు."

కొమురవ్వ మంట తగ్గించింది. "మీ మేడమోళ్లకు తెల్వక సుట్టిన్రు. ఆళ్ల మీద నాకేం లేదు. నువ్వు మనింట్ల పిల్లవు. మీ తాత పోయిననాడు ఎవలెవలు గుడ్డ తెచ్చిన్రో నువ్వే చెప్తివి గద నాకు. నీకు తెల్వదంటె నేనేం అనుకోకపోదును. తెలిసి మర్సినవ్."

"మర్సిన."

"మర్సెటంత దూరం పోయినవ్. పోతె పోయినవ్. మరి నన్నెందుకు తోల్కపోతవ్ ఆడికి?"

మ్యూజియంలో ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే చెప్పడానికి నీరజకు బోలెడు మాటలున్నాయి. ఆ మాటలు ఆమే కూర్చుకుంది. సభల్లో చెప్పింది, గోడ మీద రాయించింది. అందులో ఒక్కటీ ఈ వంటింట్లో చెప్పుకోదగ్గది కాదు. ఆమె కంచాలు కడగడానికి పోయింది.

ఆదివారం పొద్దున హారతి మేడమ్ ఫోన్ చేసింది. బస్సు బయల్దేరింది, ఎంతమంది వస్తున్నారని హిందీలో అడిగింది.

"వస్తారు మేడమ్," అంది నీరజ.

శ్యాంసుందర్ ఆ రోజు కూడా డ్యూటీకి పోయాడు. నీరజ ముస్తాబై మెడలో మ్యూజియం కార్డు వేసుకుని వరండాలో నిలబడింది. ప్రతి అంతస్తులోనూ ఆడవాళ్లు పిట్టగోడల మీద చేతులానించి కిందికి చూస్తున్నారు. పిల్లకు జ్వరమన్న జమున ఉంది. బార్డోలీ పోవాల్సిన విజయరాణి కూడా ఉంది. తలలు దువ్వుకున్నారు, మంచి చీరలు కట్టుకున్నారు. చెప్పులు మాత్రం ఎవరూ వేసుకోలేదు.

బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. హారన్ కొట్టింది.

"చిన్నత్తమ్మా, నువ్వన్న రా," అంది నీరజ.

పోశమ్మ తన గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటోంది. "వదినె కదుల్తలేదు. నేనెట్ల కదులుదునే? రేపు పొద్దున ఏదన్న అయితె, దీనికి నవ్వులాట ఎక్కువయిందంటరు నన్ను."

ఏదన్న అయితే అన్నప్పుడు ఆమె కళ్లు కిటికీ వైపు పోయాయి. నీరజ లోపలికి వచ్చింది. కొమురవ్వ పొయ్యి గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. కింద మళ్లీ హారన్ వినిపించింది. వాళ్లు రావడం లేదని, బస్సు వెనక్కి పంపిస్తున్నానని మేడమ్‌కు చెప్పేద్దామని నీరజ ఫోన్ తీసింది.

మంచం కిర్రుమంది.

బిక్షపతి లేచి కూర్చున్నాడు. కాసేపు నేల చూస్తూ ఊపిరి కూడదీసుకున్నాడు. తర్వాత గోడకు తగిలించిన చొక్కా అందుకున్నాడు. పై గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. పొద్దుటి నుంచి ఆయన ఒక్క పరాచికమూ ఆడలేదు.

"ఎటు?" అంది కొమురవ్వ.

ఆయన దువ్వెనతో తల వెనక్కి దువ్వుకున్నాడు.

"మెట్లు దిగొద్దన్నరు డాక్టర్లు. ఇనవడ్తలేదా? మూడంతస్తులు. దిగితె ఎక్కుతవా మల్ల?"

ఆయన ఆమె వైపు తిరిగి చూశాడు. కిటికీలో వరసగా పేర్చి ఉన్న సంత్రాలనూ చూశాడు. కొమురవ్వ తడిగుడ్డను చేతిలో పిండుతూ నిలబడింది.

గుమ్మానికి అడ్డంగా ఉన్న నీరజ పక్కకు జరిగింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోలేదు, కింద కూడా పెట్టలేదు. వరండాలో పోశమ్మ సగం వేసిన జడ వదిలేసి లేచి నిలబడింది. బిక్షపతి గోడ పట్టుకుని ఒక్కో కాలూ చెప్పుల్లో దూర్చాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా ఆగాడు. ఆపైన గడప దాటి, బస్సెక్కడానికి మెట్ల వైపు నడిచాడు.