పసుపు అట్ట పడవ పుస్తకం

ఇరవై ఏళ్ళపాటు లైబ్రరీలో "మాట్లాడకండి" అని చెప్పిన మనిషికి, ఇరవై రెండు మందిచేత మాట్లాడించే పని పడింది.

ఆవిడ పాఠాలు చెప్పాల్సిన ఆన్‌లైన్ కోర్సు అది. గ్రంథాలయాల్లో సోషల్ సాఫ్ట్‌వేర్ వాడకం గురించి. లైబ్రరీకి బ్లాగు ఎలా నడపాలి, అందరూ కలిసి రాసుకునే వికీ పేజీ ఎలా పెట్టాలి, పుస్తకాలకి పాఠకులే ట్యాగులు తగిలించేలా ఎలా చెయ్యాలి, ఇవీ పాఠాలు. చేరినవాళ్ళంతా వేరే వేరే ఊళ్ళ లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళే. శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి తెరమీద ఇరవై రెండు గళ్ళు ప్రత్యక్షమయ్యేవి. కెమెరాలు ఆపేసి ఇరవై నల్లగా ఉండేవి. "సందేహాలున్నాయా?" అని ఆవిడ అడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. క్లాసు బ్లాగులో ఏదైనా రాయమంటే ఒకరు "బాగుంది మేడమ్" అని పెట్టేవారు. మిగతావాళ్ళు దానికింద "అవును మేడమ్" అని సంతకాలు చేసినట్టు చేసేవారు.

వాళ్ళలో ఒక పెద్దాయన అదీ చేసేవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకి నంబర్లు వేస్తున్న కేటలాగరు. హాజరు పడేవరకూ ఉండి, ఆ తర్వాత ఉన్నాడో లేడో తెలిసేది కాదు. ఆవిడ మనసులో ఆయనకి మౌనస్వామి అని పేరు పెట్టుకుంది.

"గోడతో చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వస్తుందండీ," అని మొగుడి దగ్గర వాపోయింది.

మూడో శనివారం ట్యాగుల పాఠం. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని అత్తగారు అదే బల్లకి అటువైపు కూచుని బటానీలు ఒలుస్తోంది.

"పుస్తకం పేరు మర్చిపోయినా, రాసిందెవరో తెలియకపోయినా, చదివినవాళ్ళకి గుర్తున్న ముక్కతో వెతికితే దొరకాలి. ట్యాగంటే అదీ," అంటోంది కోడలు.

"అయితే నాది వెతికిపెట్టవే అమ్మాయ్," అంది అత్తగారు.

"అత్తయ్యా, క్లాసు!"

"క్లాసైతే మరీ మంచిది. పసుపు అట్ట. పడవ నడిపే పిల్ల. ఏరు ఎండిపోతుంది. నాకప్పుడు పదకొండేళ్ళు. సగం చదివానో లేదో, గడువైపోయిందని మా మేనత్త పట్టుకెళ్ళి లైబ్రరీలో ఇచ్చేసింది. మర్నాడు పరిగెత్తుకెళ్తే ఎవరో తీసుకుపోయారు. అరవై రెండేళ్ళయింది. ఆ పిల్ల ఏమైందో నాకిప్పటికీ తెలీదు."

కోడలికి తల కొట్టేసినట్టయింది. కంగారులో మైకు ఆపబోయి కెమెరా ఆపేసింది. అంతలో ఒక నల్లగడి వెలిగింది. కాలేజీ లైబ్రరీలో పనిచేసే అమ్మాయి.

"మామ్మగారూ, పిల్ల ఒక్కతేనా? కథలో ఇంకెవరైనా ఉన్నారా?"

"కుంటిమేక ఉంది," అంది అత్తగారు తడుముకోకుండా.

ఇంకో గడి వెలిగింది. ఇంకోటి. ఏరా, సముద్రమా? బొమ్మలున్నాయా? కోడలు పాఠం పక్కన పెట్టేసి, కొత్త వికీ పేజీ తెరిచి అందరికీ ఇచ్చింది. పడవ, మేక, పసుపు అట్ట, ఎండిన ఏరు, సగంలో ఆగింది అని ట్యాగులు వచ్చిపడ్డాయి. క్లాసు నాలుగింటికి అయిపోవాలి. అయిదైనా ఒక్కరూ కదల్లేదు.

ఆ వారమంతా కోడలికి అన్నం తింటున్నా ఫోను మోగుడే. కొందరు తమ లైబ్రరీ బ్లాగుల్లో ప్రకటన పెట్టారు. పాఠకులు పోటీపడి జవాబులిచ్చారు. ఒకాయన మేకల పెంపకం పుస్తకం పంపాడు. పడవ నడిపింది "పిల్ల" అని రాయాలా "యువతి" అని రాయాలా అని ఇద్దరు పట్టుదలకి పోయి, ఒకరు రాసింది ఒకరు కొట్టేస్తూ పదిహేడుసార్లు పేజీ మార్చారు. పేజీకి పాత రూపాలన్నీ భద్రంగా ఉంటాయనీ, కావలసినదాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చనీ కోడలికి మళ్ళీ పాఠం చెప్పాల్సిన పనే లేకపోయింది.

తొమ్మిదో రోజు పేజీ అడుగున ఒక్క వాక్యం కనిపించింది. "దొరికింది. నా దగ్గరే ఉంది."

రాసింది మౌనస్వామి.

ఆ తర్వాత వచ్చిన శనివారం ఆయన గడి మొదటిసారి వెలిగింది. బట్టతల, ముక్కుమీదకి జారిన కళ్ళజోడు, చేతిలో వెలిసిపోయిన పసుపు అట్ట.

"తప్పు నాదేనండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అట్టమీద పడవ బొమ్మ చూసి పడవల తయారీ కింద నంబరు వేసేశాను. ముప్పై ఏళ్ళు ఇంజనీరింగు బీరువాలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదని మొన్న చిత్తుకాగితాల కట్టలో కట్టేశారు. మీరు మేక అన్నారు చూశారూ, ఆ బొమ్మలో పడవ పక్కన మేక కూడా ఉందని గుర్తొచ్చి అనుమానం వచ్చింది. వారం రోజులు కట్టలన్నీ విప్పాను."

"ఎవరిక్కావాలయ్యా మీ తప్పు! చదవండి ముందు," అంది అత్తగారు. ఆవేళ ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, రెండున్నరకే తెర ముందు కూచుంది.

ఆయన సగంనుంచి అందుకున్నాడు. మేకకి ఒక గొంతు, పిల్లకి ఒక గొంతు పెట్టి మరీ చదివాడు. చివరికి ఏరు ఇసుకైపోతుంది. పిల్ల పడవని బోర్లించి, కింద నీడ చేసి, నడిచి దాటేవాళ్ళకి మంచినీళ్ళిస్తూ ఉండిపోతుంది. పుస్తకం మూశాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ అత్తగారి వంక చూసింది.

"అంతేనా?" అంది అత్తగారు. "మరి ఏరు మళ్ళీ రాదూ? అప్పుడు పడవ తిరగెయ్యక్కర్లేదూ? రాసినాయన వట్టి బద్ధకస్తుడు."

మౌనస్వామి పడీపడీ నవ్వాడు. కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. "అయితే మిగతాది మీరే రాయండమ్మా. పేజీ తెరిచే ఉంది."

"రాస్తే ఎవరూ కొట్టెయ్యరు కదా?"

"కొట్టేస్తే వెనక్కి తెస్తాం!" అన్నారు ఆ పదిహేడుసార్ల మనుషులిద్దరూ ఒక్కసారే.

కోడలు లేచి తన కుర్చీ ఇచ్చింది. అత్తగారు కీబోర్డు దగ్గరకి లాక్కుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ మొదలుపెట్టింది. "ఏట్లోకి నీ" దాకా వచ్చి ఆగింది.

"అమ్మాయ్, ఈ 'ళ' ఎక్కడ చచ్చిందే?"

తెరలోంచి నాలుగు గొంతులు నాలుగు దారులు చెప్పాయి.