నిప్పులేని మనిషి

"కట్టండి సాబ్, గట్టిగ కట్టండి. నేనే తగలబెట్టిన" అంటూ భూషణం పోలీసు ఠాణేదారు ముందు రెండు చేతులూ చాచాడు.

అతని వెనకాల టేకు దుంగల డిపో భగభగ మండుతోంది. మగవాళ్లు పచ్చికొమ్మలతో మంటల్ని బాదుతున్నారు. ఆడవాళ్లు ఇంద్రావతి నది నుంచి కుండలతో నీళ్లు మోస్తున్నారు. అంత గందరగోళంలోనూ పొరుగింటి ఇర్మా చేతిలో కొమ్మ ఆపి పకపకా నవ్వాడు.

"ఆయన మాట పట్టించుకోకుండ్రి సాబ్. పోయినేడు మా బర్రె ఈనలేక చస్తే అది గూడ నేనే చంపిన అన్నడు. వాన పడకుంటే ఈయనే, పడి వరద వస్తే ఈయనే."

ఊరికిది కొత్త కాదు. భూషణం తలలో ఒక జబ్బు కాపురం పెట్టి ఏళ్లయింది. ఎక్కడ ఏ చెడు జరిగినా 'నీవల్లే, నీవల్లే' అని లోపల ఎవరో అరుస్తారు. ఇక ముద్ద దిగదు, కన్ను మూతపడదు. పూజారి వడ్డె వచ్చి, మంత్రాలు చదివి, కోడిని కోయించాడు. కోడి పోయింది గానీ జబ్బు పోలేదు. పైగా ఆ కోడి చావుకూ తనే కారణమని భూషణం మళ్లీ అన్నం మానేశాడు.

చివరికి భార్య సమ్మక్కే ఒక ఉపాయం పట్టింది. అతను 'నేనే' అనగానే ఆమె అడిగేది ఒకటే మాట. "కంటితో చూసినవా, మనసుతో చూసినవా?" అతను కాసేపు గింజుకుని "మనసుతో" అనేవాడు. "అయితే బువ్వ తిను" అనేది. జబ్బు అలాగే ఉంది. బువ్వ మాత్రం లోపలికి పోతోంది, నాగలి నడుస్తోంది. వాళ్లకు అదే చాలనిపించింది.

ఠాణేదారుకు ఈ సంగతులేవీ తెలియవు. డిపోలో దుంగలు మాయమవుతున్నాయనీ, ఎవరో దొంగచాటుగా నదిలో వదిలి దిగువన అమ్ముకుంటున్నారనీ డిపో గుత్తకు పట్టిన ఠేకేదారు మొరపెట్టుకుంటే, లెక్క చూడ్డానికి నిన్న సాయంత్రమే ఊళ్లో గుర్రం దిగాడు. పొద్దెక్కేసరికి ఆ దుంగలు బొగ్గులవుతున్నాయి. ఎవరో ఒకర్ని జగదల్‌పూర్ జైలుకు తోలకపోతే తన ఉద్యోగానికే ఎసరు. అలాంటప్పుడు అడక్కుండానే చేతులు చాచే మనిషి దొరికితే ఎవరు వదులుకుంటారు?

"రస్సీ లావ్!" అని జవానును కేకేశాడు.

పక్కనే డిపో లెక్కలు రాసే మున్షీ బిసాహూ కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు. "బేచారా, మంచోడు సాబ్. శిక్ష తక్కువ పడేలా చూడండి."

భూషణాన్ని చూసి ఊళ్లో ఎన్నడూ నవ్వనివాడు బిసాహూ ఒక్కడే. డిపో అరుగు మీద కూర్చోబెట్టుకుని, అతని పాపాల చిట్టా అంతా ఓపిగ్గా వినేవాడు. 'ఇంకా చెప్పు భాయీ' అనేవాడు. ఇంత చల్లటి మనిషి దుంగలు కాల్చానే అని భూషణం చేతులు ఇంకాస్త ముందుకు పెట్టాడు.

మణికట్లకు తాడు బిగిసే వేళకు సమ్మక్క నీళ్లకుండతో పరుగున వచ్చింది.

"ఏందయ్యా ఇది? ఏం జేసినవని?"

"ఇప్పచెట్టు కింద ఆకులు కాల్చిన సమ్మీ. గాలికి డిపోకు అంటుకున్నది."

ఇప్పపువ్వు రాలే కాలంలో ఆ పని అందరూ చేసేదే. ఎండుటాకులు కాలిస్తే నేల నల్లగా తేరుతుంది, తెల్లారి రాలిన పువ్వు ఏరడం సులువు.

"ఊరంత కాల్చింది. నువ్వెప్పుడు కాల్చినవ్? అడవి అంటుకుంటదని ఏండ్ల సంది చీపురు పట్టుకోని ఊడుస్తలేవా? నాతోని గూడ ఊడిపిస్తలేవా? నడుం ఇరిగింది నాది!"

"అయితే చుట్ట పారేసిన."

"చుట్ట ఎన్నడో మానుకుంటివి! చెకుముకి రాయి గూడ ఇంట్ల ఉండనియ్యవ్. పొయ్యిలకు నిప్పు కావాలంటే పొద్దుగాల నేను ఇర్మా ఇంటికి పోవాలె. సాబ్, ఈ ఊళ్ల నిప్పు లేని మనిషి ఈయనొక్కడే. ఈయన్ను తప్ప ఎవ్వర్నన్న పట్టుకోండ్రి."

"తనే ఒప్పుకుంటున్నాడు కదమ్మా!"

"మీరు పుట్టుడు గూడ తన తప్పే అంటడు. అది గూడ నమ్ముతరా?"

ఇర్మా మళ్లీ నవ్వాడు. ఠాణేదారు మీసం మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

బిసాహూ దగ్గరగా జరిగాడు. "ఆడదాని మాటలతో పొద్దు పోతది సాబ్. తెల్లారి నేనే పోయి అడిగితే 'తప్పయింది భాయీ' అని నా కాళ్లు పట్టుకున్నాడు."

సమ్మక్క కుండ దించి మొగుడి ముందు నిలబడింది.

"కంటితో చూసినవా?"

"మనసుతో" అన్నాడు భూషణం, తల దించుకుని.

"మనసు సంగతి పక్కన పెట్టు. పొద్దుగాల కంటితో ఏం చూసినవో అది చెప్పు."

ఆ మాట అంతవరకూ అతన్నెవరూ అడగలేదు. సమ్మక్క కూడా. భూషణం కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు.

"ఊడుస్తున్న. మున్షీ వచ్చి భుజం మీద చెయ్యేసిండు. 'భాయీ, నీ నిప్పు నా డిపోకు అంటుకున్నది' అన్నడు. తల తిప్పి చూసిన."

"ఏం కనబడ్డది?"

"ఏం లేదు. మబ్బు లేదు, పొగ లేదు. మున్షీ డిపో దిక్కు పోయిండు. చానాసేపటికి పొగ లేచింది."

ఠాణేదారు చేతిలోని తాడు వదులైంది. "నిప్పు కంటే ముందే కబురొచ్చిందా? నీకు అనుమానం రాలేదురా?"

"నువ్వే చేసినవ్ అంటే నాకు చాలు సాబ్. పొగతోని ఏం పని?"

బిసాహూ కళ్లొత్తుకోవడం ఆపేశాడు. "పిచ్చోడు సాబ్! ఇప్పటిదాకా నేనే అన్నాడు. ఇప్పుడింకెవర్నో అంటాడు."

"ఎవర్నీ అనలేదింకా" అన్నాడు ఠాణేదారు. కాలిపోయిన దుంగలకు లెక్క అడిగేవాడుండడని అతనికి అప్పుడు తట్టింది. జవాను వెళ్లి మున్షీ వెనక నిలబడ్డాడు. "చెప్పు భూషణం. డిపో తగలబెట్టింది ఎవరు?"

తలలో గోల మొదలైంది. 'నీ మాట విన్నది ఆయనొక్కడే. ఆయన్నే జైలుకు పంపుతవా? ఆయన పెళ్లాంపిల్లల ఉసురు నీకే.' అలవాటైన 'నేనే' పళ్లదాకా వచ్చింది. భూషణం దాన్ని మింగాడు. లోపలి అరుపు ఆగలేదు. ఇది ఆగే రకం కాదు, ఆగేదాకా కూర్చుంటే ఈ పొద్దు జగదల్‌పూర్ దారిలోనే గుంకుతుంది. అరవనీ. దానికంటే గట్టిగా తనే అరిచాడు.

"మున్షీ! సాబ్, బిసాహూ మున్షీ తగలబెట్టిండు!"